తిరుగు అంటే ఎటు?

అనగనగా కొండ వారన ఒక ఊరు. ఆ ఊళ్ళో దేముడమ్మ అని ఒకావిడ. జడకోలాటం ఆడించడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. జడకోలాటమంటే తెలుసా తల్లీ? గుంజ మీంచి రంగురంగుల తాళ్ళు వేలాడతాయి. ఆడవాళ్ళు ఒక చేత్తో తాడూ, ఇంకో చేత్తో కోలా పట్టుకుని, ఒకరినొకరు దాటుకుంటూ ఆడితే తాళ్ళన్నీ జడలా అల్లుకుపోతాయి. మళ్ళీ ఆడుతూనే విప్పాలి. ఒక్కరు తప్పడుగు వేశారో, ఇంక చిక్కే చిక్కు!

కిందటేడు చిక్కే పడింది. "ఈసారి కూడా జడ విడకపోతే జాతరలో మొదటి ఆట పక్కూరికి ఇచ్చేస్తాం" అని పెద్దలు తెగేసి చెప్పారు. పాపం, దేముడమ్మకి కంటి మీద కునుకు లేదు.

ఈ ఏడే గవరమ్మ అనే పిల్ల ఆ ఊరికి కోడలుగా వచ్చింది. దేముడమ్మని వరసకి అత్తా అంటూ ఆటలో చేరింది. దేముడమ్మ "తిరుగు!" అని అరిచిందా, అందరూ ఎదుటి మనిషిని చుట్టేసి ముందుకి పోయారు. గవరమ్మ మాత్రం గిరుక్కున వెనక్కి మళ్ళింది. తాళ్ళన్నీ పీటముడి!

అప్పుడు దేముడమ్మ గయ్యిమంది. "అలా కాదే! తిరుగు అంటుంటే వినబడదా?"

"తిరుగుతూనే ఉన్నాను కదత్తా!" అని ఆ పిల్ల మళ్ళీ వెనక్కే తిరిగింది. నవ్వకు, ముందు విను.

ఆ తర్వాత దేముడమ్మ గొంతులో తేనె పోసుకుంది. వంగి, ఆ పిల్ల కాళ్ళు ముట్టుకుని మరీ చెప్పింది. "ఇదిగో బంగారుతల్లీ, ఇది కుడికాలు. ఇది ఎడంకాలు. తెలిసిందా?"

అందరూ కిసుక్కున నవ్వారు. గవరమ్మ కళ్ళనిండా నీళ్ళు. "నా కాళ్ళు నాకు తెలుసత్తా. రెండూ పుట్టింటి నుంచే తెచ్చుకున్నాను" అని తాడు వదిలేసి ఇంటికి పోయింది. మంచి పని చేసింది! తిట్టినా ఊరుకోవచ్చు గానీ, అలా ముద్దుచేసి చెబితే ఒళ్ళు మండదూ?

మర్నాడే జాతర. ఒక మనిషి తక్కువైతే జడే లేదు. దేముడమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. అప్పుడు తట్టింది ఆవిడకి. 'ఆట రానివాళ్ళు తలో రకంగా తప్పుతారు. ఈ పిల్ల ప్రతిసారీ ఒక్కలాగే తప్పుతోందేమిటి చెప్మా?'

గబగబా గవరమ్మ ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల బియ్యం చెరుగుతోంది, తలెత్తలేదు. దేముడమ్మ పక్కనే చతికిలబడింది. "అమ్మా గవరమ్మా, మీ ఊళ్ళో కూడా కోలాటం ఆడతారు కదా. తిరుగు అంటే అక్కడ ఏం చేస్తారు? నాకు తెలీకే అడుగుతున్నాను."

గవరమ్మ చేట పక్కన పెట్టింది. లేచి, గిరుక్కున వెనక్కి తిరిగి చూపించింది. "వచ్చిన దారినే వెనక్కి పోతాం. మరి ఇక్కడో?"

"ఎదుటి మనిషిని చుట్టి ముందుకి పోతాం. ఓసి నీ ఇల్లు బంగారం గానూ! ఇన్నాళ్ళూ నేను చెప్పింది చెప్పినట్టే చేశావన్నమాట!" ఇద్దరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "మరి ఏమని పిలవను, నువ్వే చెప్పు."

"అల్లేటప్పుడు 'చుట్టు' అను అత్తా. విప్పేటప్పుడు ఎలాగూ వెనక్కే కదా నడవాలి. అప్పుడు మా ఊరి 'తిరుగు' అను."

ఆ రోజే ఇద్దరూ కలిసి అందరికీ ఈ కొత్త పిలుపులు నేర్పేశారు. జాతర రోజు డప్పులు మోగాయి. దేముడమ్మ "చుట్టు!" అంది. తాళ్ళన్నీ నున్నగా జడై కూర్చున్నాయి. ఊరంతా ఊపిరి బిగబట్టింది. అప్పుడు "తిరుగు!" అని కేక వేసింది. అందరికంటే ముందు గవరమ్మ తిరిగింది. ఆ పిల్ల వెనకాలే అందరూ. ఎర్ర తాడు వీడింది, పచ్చ తాడు వీడింది, నీలం తాడూ వీడింది. ఒక్క ముడి లేదు! ఈలలూ, కేకలూ, జనం మీద జనం!

పెద్దలు వచ్చి, "ఇక ముందూ మొదటి ఆట మీదేనమ్మా. భలే నేర్పావు దేముడమ్మా!" అన్నారు.

దేముడమ్మ గవరమ్మ చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది. "అల్లించింది నేను. విప్పించింది మాత్రం మా గవరమ్మ" అంది, ఊరంతా వినేలా.

డప్పు సద్దు మణిగింది,
తాడు ముడి వీడింది,
కథ కంచి చేరింది,
మన ఇల్లు వచ్చింది,
కన్ను మూతపడింది!