అసిరమ్మ కూర్చున్న బల్ల

అనగనగా అంటే తప్ప అందనంత పాత సంగతి. ఊరి మధ్యన ఓ దివాణం, దివాణం చుట్టూ తోట, తోట చుట్టూ గోడ. లోపల మామిడి నీడలో నున్నటి రాతిబల్ల. ఆ తోట ఊడ్చే మనిషి అసిరమ్మ. తోటంతా ఊడ్చి, చివర్న బల్లని కొంగుతో తుడిచేది. తుడవడమే గానీ కూర్చోవడం లేదు.

కడుపుతో ఉన్నప్పుడు ఒకసారి అడిగింది. "బాబూ, నడుం పీకేత్తంది. కూసింతసేపు కూకోనా?"

"బల్ల దొరవారిది. దూరంగా నిలబడు" అన్నాడు కాపలావాడు.

జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నప్పుడు మళ్ళీ అడిగింది. "బల్ల దొరవారిది. దూరంగా నిలబడు."

మోకాళ్ళు అరిగాక మూడోసారి అడిగింది. "బల్ల దొరవారిది. దూరంగా నిలబడు."

పోనీ ఆ దొరవారైనా కూర్చున్నారా? ఏనాడూ లేదు. ఆయనగారి వేటకుక్క పడుకునేది దాని మీద! కుక్క పడుకోవచ్చు, మనిషి కూర్చుంటే రాయి అరిగిపోతుందట. వింటుంటేనే ఒళ్ళు మండటం లేదూ?

కాలం తిరిగింది. దొరలు పోయారు, తోట ఊరి చేతికొచ్చింది. "రేపట్నించి తోట అందరిదీ" అని దండోరా వేశారు. అసిరమ్మ ఆ మాట నమ్మింది. మర్నాడు ఉతికిన కోక కట్టుకుంది. పెద్దగేటులోంచి వచ్చింది. బల్ల తుడిచి కూర్చుంది. ఇన్నేళ్ళూ చేతికి తెలిసిన చల్లదనం ఆవేళ ఒంటికి తెలిసింది.

కొత్త కాపలావాడు పరిగెత్తుకొచ్చి లేవమని కసిరాడు. "ఏయ్ ముసిల్దానా, నెగు! తోట తెరవడానికి పెద్దోళ్ళు వత్తన్నారు. ఆళ్ళు కూకోవాల."

"అందరిదీ అన్నారు గదా నాయనా. అందర్లో నాను లేనా?"

"నెగుతావా, నెగవా?"

"నాను నెగను."

వాడు చెయ్యి పట్టి లాగబోయాడు. గేటు దగ్గర శనగలమ్మే ఆవిడ గబగబా వచ్చి అసిరమ్మ పక్కన కూర్చుంది. రిక్షావాళ్ళు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చున్నారు. వాడు వెనక్కి తగ్గాడు. పెద్దవాళ్ళు దండలతో సహా నిలబడే ఉపన్యాసాలిచ్చారు. పొద్దుగూకాక అసిరమ్మ తనంతట తానే లేచి ఇంటికెళ్ళింది. ఆ ఏటి వానల్లోనే కన్నుమూసింది.

గేటు మీద ఎవరి పేరు చెక్కారో తెలుసా? దొరది! ఒక్క ఎండుటాకు ఏరాడా ఆయన? సిగ్గుండాలి చెక్కించినవాళ్ళకి.

జనం మాత్రం మర్చిపోలేదు. ఈనాటికీ ఆ బల్ల మీద కూర్చునేవాళ్ళు ముందు చేత్తో తుడిచి, "అసిరమ్మా, కాస్త జరగవే తల్లీ" అంటారు. ఓ చివర జానెడు చోటు వదులుతారు. ఎవడైనా దర్పం చూపించి ఓ పేదవాణ్ణి అక్కణ్ణించి లేపబోతే, తోటలో ఉన్నవాళ్ళంతా ఒక్క గొంతుతో అంటారు: "నాను నెగను!"

ఇది కంచికెళ్ళే కథ కాదు. పొమ్మన్నా నెగదు.