బుర్రలకి విశ్రాంతి

కొబ్బరిమిట్ట ఊళ్ళో బడి నడిపే గవరయ్యకీ, ఆయన తమ్ముడు నూకరాజుకీ, చెల్లెలు పైడమ్మకీ తమ తెలివంటే మహా గర్వం. నిద్రలో కారిపోతుందేమోనని రోజూ తలకి తువ్వాలు బిగించి కట్టుకుని మరీ పడుకునేవాళ్ళు. గవరయ్య పాఠం చెప్తాడు, నూకరాజు లెక్కలు చెప్తాడు, పైడమ్మ గంట కొడుతుంది. పొద్దున్న మొదలైన పాఠం మధ్యాహ్నం అన్నాల దాకా ఆగేది కాదు.

ఓ రోజు బళ్ళని తనిఖీ చేసే అధికారి విశాలాక్షిగారు వచ్చారు. నలభైమంది పిల్లలూ బెంచీల మీద తలలు వాల్చి నిద్రపోతున్నారు.

"పిల్లల బుర్రలకి మధ్యమధ్య విశ్రాంతి కావాలండీ," అన్నారావిడ. "ఇరవై అయిదు నిమిషాలు చెప్పాక అయిదు నిమిషాలు ఆపండి. కిటికీలోంచి కాసేపు బయటికి చూడనివ్వండి. నెల తర్వాత మళ్ళీ వస్తాను. అప్పుడు కూడా గదిలో పిల్లలు నిద్రపోతూ కనిపిస్తే ఈ బడి ఎత్తేయమని రాస్తాను."

గవరయ్య లబోదిబోమన్నాడు. తాత కట్టిన బడి అది.

"భయమెందుకన్నయ్యా?" అన్నాడు నూకరాజు. "అయిదు నిమిషాలంటే మూడువందల సెకన్లు. పిల్లలు నలభైమంది. కిటికీ ఒకటి. తలకి ఏడున్నర సెకన్లు!"

అంతే! మర్నాటి నుంచి పిల్లలు కిటికీ దగ్గర వరస కట్టారు. ఏడున్నర సెకన్లకోసారి పైడమ్మ గంట కొట్టడం, ఒకడు చూడటం, వెనకవాడు తోయడం. కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చేసరికి పిల్లలకి చెమటలు పట్టేవి.

చూసొచ్చిన వాళ్ళని గవరయ్య ఊరికే వదిలేవాడా? "ఏం చూశావే దాలమ్మా?"

"గేదెని మాస్టారూ."

"దానికెన్ని కాళ్ళు?"

"నాలుగు."

"ఆఁ! లెక్కపెట్టావన్నమాట! నీ బుర్ర పనిచేసింది. విశ్రాంతి చెల్లదు. వెళ్ళు, వరసలో మళ్ళీ నిలబడు!"

ఇంకేముంది, కిటికీ మూయించేశారు. విశ్రాంతి సమయంలో 'నేను ఏమీ ఆలోచించను' అని పలక మీద వందసార్లు రాయమన్నారు. శనివారం విశ్రాంతిలో పరీక్ష పెట్టారు.

"ఇప్పుడేం ఆలోచిస్తున్నావు?" అని దాలమ్మని అడిగాడు నూకరాజు.

"ఏమీ ఆలోచించకూడదని ఆలోచిస్తున్నాను మాస్టారూ."

"సున్నా!"

నలభైకి ముప్ఫైతొమ్మిదిమంది తప్పారు. మిగిలినవాడు ప్రశ్న అడిగేలోపే నిద్రపోయాడు గనక నెగ్గాడు. "మనవాళ్ళు విశ్రాంతిలో బాగా వెనకబడ్డారు," అని బెంగపడి గవరయ్య సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా విశ్రాంతికి ప్రత్యేక తరగతులు పెట్టాడు. పిల్లలు ఇదివరకు బెంచీల మీద నిద్రపోయేవాళ్ళు, ఇప్పుడు నిలబడే నిద్రపోసాగారు.

విశాలాక్షిగారు వచ్చే రోజు రానే వచ్చింది. గవరయ్య అన్నం కంచం పక్కకి తోసేశాడు. "అయిపోయింది తమ్ముడూ. ఆవిడ వచ్చేసరికి గదిలో ఒక్క పిల్లాడు కన్ను మూసినా మన పని సరి!"

నూకరాజు వేళ్ళు మడిచి, విప్పి, ఎగిరి గంతేశాడు. "గదిలో పిల్లలు సున్నా అయితే, గదిలో నిద్రపోయేవాళ్ళు ఎంతమంది?"

"సున్నా!" అంది పైడమ్మ.

"మరదే! అందర్నీ బయటికి తోలెయ్!"

పిల్లలు బయటపడ్డారు. ఎన్నాళ్ళకి! ఒకటే కోతికొమ్మచ్చి, ఒకటే కేకలు. అరగంట తర్వాత విశాలాక్షిగారు వచ్చి, వాళ్ళని చూసి నవ్వి, లోపలికి పిలిచారు.

"పదమూడు ఆర్లు?"

"డెబ్భై ఎనిమిది!" అంది దాలమ్మ, ఆవిడ నోరు మూసేలోపే.

ఏదడిగినా నలభై చేతులు లేచాయి. "ఇదండీ విశ్రాంతి అంటే! మీ బడికి ఢోకా లేదు," అని సంతకం పెట్టి వెళ్ళిపోయారావిడ.

అన్నదమ్ములు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. లోపలుంటే నిద్ర, బయటుంటే హుషారు. కారణమేంటి? గవరయ్య గంటసేపు ఆలోచించి తొడ చరిచాడు.

"తప్పు పిల్లలది కాదర్రా! నిద్రమత్తు గదిది! తాతగారి నాటి నుంచి ఒక్కరోజు పడుకుందా అది? దాని మత్తు వీళ్ళకి అంటుకుంటోంది!"

"అయ్యో పాపం," అని కళ్ళొత్తుకుంది పైడమ్మ.

"కప్పు ముప్ఫై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల వెడల్పు," అన్నాడు నూకరాజు. "దుప్పటి ఆరు అడుగులు, నాలుగు అడుగులు. సరిగ్గా పాతిక దుప్పట్లు!"

మర్నాడు పిల్లలంతా చెట్టు నీడన పాఠాలు చదువుకుంటుంటే, బడి కప్పు మీద పాతిక దుప్పట్లు పరిచి ఉన్నాయి. పైడమ్మ గుమ్మం దగ్గర కూచుని గోడని మెల్లగా జోకొడుతూ, దారిన పోయేవాళ్ళని "ష్‌ష్!" అంటోంది. నూకరాజు నిచ్చెన మీద నిలబడ్డాడు, చంకలో దిండు.

"అన్నయ్యా," అన్నాడు గుసగుసగా, "దీని తల ఎటువైపు?"

"ఆ మాత్రం తెలీదట్రా?" అన్నాడు గవరయ్య. "నల్లబల్ల ఉన్నవైపు. చదువంతా అటే కదా ఉంది!"