జేబులో పదిమంది

గోదావరి లంకలో, ఏరు దాటించే పంటు దిగి నాలుగడుగులు వేస్తే మొదట కనిపించే పెంకుటిల్లు సూరమ్మది. ఆ ఇంట్లో తెలివి ఎక్కువ. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనరు, వాళ్ళే అంటారు. పొద్దున్న లేస్తూనే అంటారు, అన్నాలు తిని అంటారు, తీరిక చిక్కినప్పుడల్లా అంటారు. తీరిక వాళ్ళకి చిక్కనిదెప్పుడు?

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమేనే తెలివంటే," అంటుంది సూరమ్మ. "మా ఇంట్లో మాట కింద పడదు."

నిజంగానే పడదు. బీపీ మాత్ర పొద్దున్నే సూర్యుణ్ణి చూడగానే వేసుకోమని డాక్టరు గారు సూరమ్మకి చెప్పారు. అంతే, మబ్బు పట్టిన రోజు ఆవిడ మాత్ర ముట్టదు. పెరట్లో మంచం మీద కూచుని ఆకాశానికేసి చూస్తూ ఉంటుంది. ఓ రోజు సూర్యుడు మబ్బుల్లో దోబూచులాడాడు. ఇంకేముంది, కనపడినప్పుడల్లా ఓ మాత్ర వేసుకోబోయింది. కోడలు తాయారు వచ్చి సీసా లాక్కుంది కాబట్టి బతికిపోయింది.

సూరమ్మ పెద్దకొడుకు వీర్రాజు బస్సులో "చేతులు బయట పెట్టరాదు" అన్నది చదివాడు. అప్పట్నుంచీ బస్సెక్కితే రెండు చేతులూ చొక్కా లోపల పెట్టుకునే కూచుంటాడు. కండక్టరు టిక్కెట్టు ఇస్తే పళ్ళతో అందుకుంటాడు. చిన్నకొడుకు నూకరాజు ఇంకాస్త చదువుకున్నాడు. టౌను హోటల్లో "చేతులు ఇక్కడే కడగవలెను" అన్న బోర్డు చదివి, ఇంట్లో అన్నం తిన్నాక కూడా ఎంగిలిచేత్తో పంటెక్కి టౌనుకి పోయేవాడు.

వీర్రాజు పెళ్ళాం తాయారు మాత్రం తెలివిలేనిదని ఆ ఇంట్లో స్థిరపడిపోయింది. ఎందుకంటే ఆవిడ "ఎందుకు?" అని అడుగుతుంది.

ఈ తెలివితక్కువ తాయారుకి ఒకే ఒక్క కోరిక. స్నానాల గదికి గడియ.

గడియ లేక కాదు, ఉంది. దాని స్క్రూ వదులై, వేస్తే వేలాడుతుంది, ముట్టుకుంటే ఊడుతుంది. రేకు తలుపు ఎటు గాలి వీస్తే అటు పోతుంది. అందుకని తాయారు ఒక కాలు తలుపుకి అడ్డం పెట్టి, రెండో కాలి మీద కొంగలా నిలబడి స్నానం చేస్తుంది. పెళ్ళయిన నాటి నుంచీ ఆ ఇంట్లో ఆవిడ రెండు పాదాలూ ఒకేసారి తడిసింది లేదు. వెనక పెరట్లో నూకరాజు పళ్ళు తోముకుంటూ తిరుగుతుంటాడు. అత్తగారు కోళ్ళని అదిలిస్తుంటుంది. సబ్బు నురగ కళ్ళలో పడ్డా కాలు తియ్యడానికి లేదు.

స్క్రూడ్రైవర్ తెచ్చి తనే బిగించేసేదే. కానీ చనిపోయిన మావగారు ఎప్పుడో "పనిముట్టు మగాడి చేతిలోనే ఉండాలి" అన్నాడట. అంతే, ఆ ఇంట్లో అది శాసనం.

"మరి కత్తిపీట, రోకలి, అట్లకాడ, చీపురు?" అని తాయారు ఓసారి అడిగింది.

"అవి ఆడవాళ్ళ చేతిలో ఉన్నాయి కదే," అంది సూరమ్మ జాలిగా. "మరి పనిముట్లెలా అవుతాయి?"

తాయారు చెంచా కాడతో స్క్రూ తిప్పి చూసింది. కాడ వంగింది గానీ స్క్రూ కదల్లేదు. వడ్రంగి గంగయ్యని పిలిస్తే "ఒక్క స్క్రూకి నేనెందుకమ్మా" అన్నాడు నవ్వుతూ. అంతే, ఆ గుమ్మంలోకి గంగయ్య మళ్ళీ రాలేదు. తను అక్కర్లేదని తనే చెప్పుకున్న మనిషిని పిలవడం తెలివైన పని కాదని అన్నదమ్ములు తేల్చారు.

ఆఖరికి తాయారు విసిగిపోయింది. "ఆ గడియ బిగిసేదాకా మా చెల్లెలింట్లో ఉంటాను. స్నానం అక్కడే, వంటా అక్కడే," అంది.

స్నానం మాటకి ఎవరూ కదల్లేదు. వంట మాటకి ముగ్గురూ లేచి నిలబడ్డారు.

"మల్టీటూల్ కొందాం అన్నయ్యా," అన్నాడు నూకరాజు. "ఫోన్లో చూశాను. చాకు, పటకారు, స్క్రూడ్రైవర్ అన్నీ ఒకదాంట్లోనే మడిచి ఉంటాయి. రోజూ జేబులో పెట్టుకు తిరిగేదట."

"స్క్రూడ్రైవర్ ఒక్కటి చాలు," అంది తాయారు.

"ఒక్క స్క్రూ కోసం ఒక్క స్క్రూడ్రైవరా? నీకు ముందుచూపు లేదు వదినా."

డబ్బు తాయారు దగ్గర ఉంటుంది కాబట్టి తాయారూ వెంట వెళ్ళింది. టౌన్లో ఇనప సామాన్ల కొట్టు శెట్టిగారు మూడు రకాలు బల్ల మీద పెట్టాడు.

"ఇదిగో, ఇది బాగా చవక. రేకు పల్చన. పటకారు నొక్కితే అదే వంగిపోద్ది. ఇదేమో బాగా ఖరీదు, చేప పొలుసులు గీకేది కూడా ఉంది."

"శనివారం మేం చేప తినం," అన్నాడు వీర్రాజు కంగారుగా. "ఆ రోజు దాన్నేం చెయ్యాలి?"

"మడిచి ఉంచాలండి."

"అది ఊరుకుంటుందా?"

శెట్టిగారు తాయారు కేసి చూశాడు. తాయారు పైకప్పు కేసి చూసింది.

"అన్నిటికంటే ఈ మధ్యది మంచిదండి," అన్నాడాయన. "ఉక్కు గట్టిది. కీళ్ళు వదులు కావు. జేబుకి బరువుండదు, ధరా అందుబాటులో ఉంది. అయినా నా మాట కాదు, మీ రోజువారీ పనిని బట్టి ఎంచుకోండి. రోజూ మీరేం పని చేస్తారో చెప్పండి."

అన్నదమ్ములు సర్దుకుని నిలబడ్డారు. ఇంత గౌరవంగా వాళ్ళనెవరూ అడగలేదు.

"పొద్దున్నే లేస్తాం," అన్నాడు నూకరాజు. "వదిన కాఫీ ఇస్తుంది, తాగుతాం. వదిన నీళ్ళు కాస్తుంది, పోసుకుంటాం. వదిన పెడుతుంది, తింటాం. తర్వాత కాసేపు పడుకుంటాం."

"లేచాక?" అన్నాడు శెట్టిగారు.

"మళ్ళీ కాఫీ ఇస్తుంది కదండీ!"

శెట్టిగారు గడ్డం గోక్కున్నాడు. "అలాగైతే మీకు ఏ పనిముట్టూ అక్కర్లేదండి."

అంతే! ఇద్దరూ దణ్ణం పెట్టి మెట్లు దిగిపోయారు. తాయారు పరుగెత్తి ఇద్దరి చొక్కాలూ పట్టుకుని వెనక్కి లాక్కొచ్చింది. "మధ్యది కట్టండి," అంది శెట్టిగారితో.

పొట్లం ఇస్తూ ఆయన ఊరుకుని ఉండొచ్చు. బేరం కుదిరిన సంబరంలో రెండు మాటలు ఎక్కువ చెప్పాడు. "ఇదుంటే ఇంట్లో పదిమంది ఉన్నట్టే అనుకోండి. ఎప్పుడూ జేబులోనే ఉంచుకోండి బాబూ. దగ్గర లేనప్పుడే దీని అవసరం వస్తుంది."

అన్నదమ్ములు ఆ మాటలు నోట్లో పెట్టుకున్న పటికబెల్లంలా చప్పరిస్తూ పంటు దాకా నడిచారు. తాయారు ఈలోపు వంకాయలు కొంది, ఒక గంధం సబ్బు కొంది. గడియ వేసుకుని రెండు కాళ్ళ మీద నిలబడి చేసే స్నానానికి మామూలు సబ్బేం బాగుంటుంది?

పంటు నది మధ్యకొచ్చింది. గాలి లేచింది. "సామాన్లు గట్టిగా పట్టుకోండి!" అని పంటు నడిపే సరంగు కేకేశాడు. వంకాయల సంచీ నూకరాజు చేతిలో ఉంది. అన్నయ్య జేబులో ఉన్నదే అసలైన సామాను కదా! సంచీ వదిలేసి, రెండు చేతులతో అన్నయ్య జేబు పట్టుకున్నాడు. వీర్రాజు కూడా తన జేబే పట్టుకున్నాడు. సంచీ రెండు పొర్లు పొర్లి గోదావరిలో పడింది. వంకాయలు తేలాయి. సబ్బు తేల్లేదు.

"చూశావా, సామాను కాపాడాం!" అన్నాడు వీర్రాజు పెళ్ళాంతో.

తాయారు తేలిపోతున్న వంకాయల కేసి చూసింది. గడియ ముఖ్యం అనుకుంది.

ఇల్లు చేరగానే సూరమ్మ ఎదురొచ్చి పొట్లం చూసింది, శెట్టిగారి మాటలు విన్నది. "ఏంటీ, పదిమంది ఉన్నట్టేనా?" అని బుగ్గలు నొక్కుకుంది. "ఒసే తాయారూ, మరి ఇంకా నిలబడ్డావేంటి? పదిమందికి ఎసరు పెట్టు!"

"అత్తయ్యా, అది ఇనప ముక్క. అది తింటుందా?"

"తిన్నా తినకపోయినా ఇంటికొచ్చిన వాళ్ళకి వండకుండా ఉంటామా? నలుగురూ వింటే ఏమనుకుంటారు?"

తాయారు వండనంది. ఇంకేముంది, సూరమ్మే పెద్ద గుండిగ ఎక్కించింది. విస్తళ్ళు పరిచింది. వీర్రాజు టూలు మడతలన్నీ విప్పి విస్తళ్ళ ముందు పెట్టాడు. ముందు చాకుకి వడ్డించారు, తర్వాత పటకారుకి. స్క్రూడ్రైవర్ సన్నగా ఉందని సూరమ్మ దానికి ఇంకో గరిటె నెయ్యి వేసింది.

"పాపం, మొహమాటపడుతున్నారు," అంది. "తలుపు దగ్గరగా వేసి రండి, తింటారు."

కిటికీలోంచి వచ్చి కాకులు తిన్నాయి. సూరమ్మ ఖాళీ విస్తళ్ళు చూసి మురిసిపోయింది.

"తిన్నారుగా, ఇక పని చెయ్యమనండి," అంది తాయారు.

అన్నదమ్ములు స్నానాల గది తలుపు తెరిచి గడియ ముందు నిలబడ్డారు. టూలు జేబులో పెట్టుకున్న వీర్రాజు, నడుం వంచి, జేబుని స్క్రూకి ఆనించి అటూ ఇటూ ఊగడం మొదలెట్టాడు. గేదె గోడకి ఒళ్ళు రుద్దుకున్నట్టుంది.

"ఏవండీ, బయటికి తీసి తిప్పండి!"

"ఎప్పుడూ జేబులోనే ఉంచుకోమన్నాడు. నువ్వూ విన్నావు."

ఊగాడు. ఊగాడు. జేబు చిరిగి టూలు కింద పడింది గానీ స్క్రూ బిగియలేదు.

"పోనీలే, చేత్తో పట్టుకో అన్నయ్యా," అన్నాడు నూకరాజు. అంతలోనే నుదురు చిట్లించాడు. "ఆగు ఆగు! దగ్గర లేనప్పుడే దీని అవసరం వస్తుందన్నాడు శెట్టిగారు. ఇప్పుడిది దగ్గరుంది. అంటే ఇప్పుడు దీని అవసరం లేదు!"

వీర్రాజు తమ్ముడి తల నిమిరాడు. "ఎంత తెలివిరా నీకు!"

"అవసరం రావాలంటే ఇది దూరంగా పోవాలి అన్నయ్యా." అంటూనే టూలు పట్టుకుని రేవు దాకా పరుగెత్తాడు. వీర్రాజు తలుపు దగ్గర చెవులు రిక్కించి నిలబడి, కాసేపటికి "వచ్చింది రోయ్, అవసరం వచ్చింది!" అని అరిచాడు. నూకరాజు రొప్పుతూ వెనక్కొచ్చాడు. వచ్చేసరికి టూలు దగ్గరయిపోయింది, అవసరం కాస్తా పోయింది. మళ్ళీ రేవుకి పరుగెత్తాడు. మళ్ళీ కేక. మళ్ళీ పరుగు. ఊళ్ళో కుక్కలన్నీ వెంటపడ్డాయి.

"మధ్యలో ఎక్కడో ఉండాలిరా," అన్నాడు వీర్రాజు ఆలోచనగా. "మరీ దగ్గరా కాకుండా, మరీ దూరమూ కాకుండా."

తాయారుకి ఒళ్ళు మండిపోయింది. నూకరాజు చేతిలోంచి టూలు లాగింది.

"అయ్యో అయ్యో! పనిముట్టు!" అని సూరమ్మ గుండెలు బాదుకుంది. "మగాడి చేతిలోనే ఉండాలే!"

"అలాగే అత్తయ్యా." తాయారు మొగుడి గుప్పిట విప్పి, టూలు అందులో పెట్టి, గుప్పిట మూసింది. స్క్రూడ్రైవర్ మొన స్క్రూకి ఆనించింది. మొగుడి మణికట్టు రెండు చేతులతో పట్టుకుని గిర్రున తిప్పింది.

"అబ్బా! చెయ్యే!"

"చెయ్యి మీదే, పనిముట్టు మీ చేతిలోనే. తిరగండి!"

చెయ్యి తిరిగినంత తిరిగి ఆగింది. ఇక చేతితో పాటు మనిషినే తిప్పింది. వీర్రాజు ఒంగి, పక్కకి వాలి, వెల్లకిలా అయి, మళ్ళీ లేచి, గానుగెద్దులా తిరిగాడు. స్క్రూ కిర్రుమంది. బిగిసింది. తాయారు గడియ వేసి లాగింది. కదల్లేదు. గుద్దింది. కదల్లేదు.

"చూశావటే, మగాడి చెయ్యి పడితే పనెలా అయ్యిందో!" అంది సూరమ్మ.

తాయారుకి వాదించే తీరిక లేదు. బకెట్టు నిండా వేణ్ణీళ్ళు తోడుకుని, చీర భుజాన వేసుకుని లోపలికి పోయి గడియ వేసింది. రెండు పాదాలూ నేల మీద ఆనించింది. సబ్బు అరిగిపోయిన ముక్కే, అయినా ఏం? మొదటి చెంబు నీళ్ళు నెత్తి మీంచి కాలి వేళ్ళ దాకా జారాయి. కళ్ళు మూసుకుంది. తొందర లేదు, భయం లేదు. ఇంత చిన్న ఇనప ముక్కలో ఇంత సుఖం ఉందా అనుకుంది. తీరిగ్గా స్నానం చేసి, తల తుడుచుకుని, చీర కట్టుకోవడం మొదలుపెట్టింది.

బయట అన్నదమ్ములకి దిగులు పట్టుకుంది.

"రోజూ వాడే సామాను ఇది," అన్నాడు నూకరాజు. "ఇవాళ పని అయిపోయింది. మరి రేపు?"

"ఇంట్లో ఇంకే స్క్రూ వదులుగా లేదు," అన్నాడు వీర్రాజు.

"లేకపోతే చేసుకోవాలిరా!" అంది సూరమ్మ. "ఇవాళ విప్పి పెట్టుకుంటే రేపు బిగించుకోవచ్చు."

ముగ్గురూ ఒకరినొకరు మెచ్చుకున్నారు. ఇంకేముంది, ఎదురుగా ఉన్నది స్నానాల గది రేకు తలుపు. దాని మడతబందుల స్క్రూలు బయటి వైపే ఉన్నాయి. ఒకటి విప్పారు. రెండోది విప్పారు. అన్నీ విప్పారు.

తాయారు ఆఖరి కుచ్చెళ్ళు దోపుకుంటుండగా తలుపు మడతబందుల వైపు నుంచి 'ఖణేల్'మని విడిపోయి, గడియ పట్టుకుని వేలాడింది. పెరట్లో ఎండ లోపలికొచ్చింది.

"బిగిసిందంటే బిగిసిందే!" అని కేరింతలు కొట్టాడు నూకరాజు. "తలుపూడినా గడియ ఊడలేదు!"

తాయారు ఆ ముగ్గురినీ చూసింది. తడి తువ్వాలు తలకి చుట్టుకుని, తలుపు విడిపోయిన సందులోంచి బయటికి నడిచింది. పెరట్లో మంచం మీద కూచుని జుట్టు ఆరబెట్టుకోసాగింది.

ముగ్గురూ గడియ వైపు చేరారు. వీర్రాజు రేకు మీద మెల్లగా తట్టాడు. "తాయారూ, గడియ తియ్యి. తలుపు బిగించాలి."

జవాబు లేదు. మళ్ళీ తట్టాడు.

"కోపం వచ్చినట్టుందిరా," అంది సూరమ్మ. "కాఫీ వేళయింది. తొందరగా రమ్మనండి."

తాయారు వంటింట్లోకి పోయి, ఒక్క గ్లాసు కాఫీ పెట్టుకుని వచ్చింది. తాగుతూ వాళ్ళ వెనకే నిలబడి చూసింది. ముగ్గురూ రేకుకి చెవులానించి ఉన్నారు.

"ఏంటి విషయం?" అంది.

నూకరాజు వెనక్కి తిరిగి, వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. "కాస్త నెమ్మది వదినా! గడియ వేసుంది కదా, వదిన ఇంకా లోపలే ఉంది."