చుట్ట తాగిన పొద

అనగనగా ఒక కొండ. ఊఁ కొట్టండి పిల్లలూ, ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే కథ కొండ ఎక్కదు.

ఆ కొండ చుట్టూ వేటగాళ్ళ ఇళ్ళు. ఒక్కో ఇంటికి ఒక్కో వాలు. ఆ వాలు మీది తేనె ఆ ఇంటిదే, దుంప ఆ ఇంటిదే, ఎండుపుల్ల ఆ ఇంటిదే, కుందేలూ కౌజుపిట్టా ఆ ఇంటివే. వాలు ఉన్న ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వాలు పోయినవాళ్ళు మూటాముల్లే సర్దుకుని దేశం మీద పడవలసిందే.

తొలి వానకు ముందు ప్రతి ఇల్లూ మూడు పొద్దులు వేటకు కూర్చోవాలి. అది అక్కడి ఆచారం. దొరికినదాన్ని కొండమ్మ తల్లికి చూపించి అందరూ పంచుకు తింటారు. మూడు పొద్దులూ వట్టి చేతులతో దిగివచ్చారా, ఆ వాలు ఇంకొకరిది అయిపోతుంది.

వేట అంటే బాణాలూ కేకలూ కాదు. మాటువల. జనపనార పేని, వల అల్లి, తుమ్మబెరడు కాచిన నీళ్ళలో ముంచి ఎండబెడితే అచ్చం మట్టిరంగు వస్తుంది. ఎక్కడ కూర్చుంటారో అక్కడి ఆకే కోసి, పొద్దు పొడవకముందే ఆ వల కన్నుల్లో దోపాలి. అది కప్పుకుంటే మనిషి పొద అయిపోతాడు. కుందేలు నడిచే దారిలో ఉచ్చు పరిచి, తాడు కొస చేతిలో పట్టుకుని, మెదలకుండా కూర్చోవాలి. ఇంకొక్క సంగతి. వల ఎత్తే ముందు కొండకు మొక్కి, "తల్లీ, నువ్విచ్చింది తీసుకుంటాను, నువ్వివ్వనిది ముట్టను" అనాలి. కడుపుతో ఉన్నదీ, పాలిచ్చేదీ కొండ ఇవ్వనిదాని కిందికి వస్తాయి.

అంతే విద్య. ఆ అంతే, మద్దిలేటికి రాలేదు.

మద్దిలేటి భార్య ఎర్రక్క. ఆ యేడు వల తనే అల్లింది. తొడ మీద నార పేని పేని చర్మం కందిపోయింది. తుమ్మబెరడు కాచి కాచి చేతులు ఎర్రబడ్డాయి. వల చూసి మద్దిలేటి మీసం దువ్వుకుని, "ఈసారి చూడవే, కుందేళ్ళు వరస కట్టి వస్తాయి" అన్నాడు.

మొదటి పొద్దు.

ఎర్రక్క లేచేసరికి మొగుడు వెళ్ళిపోయాడు. పెరట్లోకి వెళ్ళి చూస్తే ఆమె చిక్కుడుపాదు లేదు. పందిరి ఉంది. దాని మీద ఆకు లేదు, తీగ లేదు, నిన్న పూసిన పూత లేదు.

మధ్యాహ్నానికి మద్దిలేటి దిగివచ్చాడు. వట్టి చేతులు.

"చిక్కుడుపాదు ఏమయింది?" అంది ఎర్రక్క.

"వలకు దోపాను. కొండెక్కి అక్కడెక్కడో ముళ్ళల్లో ఆకు కోయడమెందుకు, ఇంటి దగ్గరే ముస్తాబు చేసుకుపోతే పోలా అనుకున్నాను."

"ఎండకు మాడిన వాలు మీద పచ్చటి చిక్కుడుపాదు కప్పుకుని కూర్చున్నావా?"

"ఎంత బాగుందనుకున్నావు? మన వాలు మీద ఒక గడుసు కుందేలు లేదూ, అది వచ్చి ఎదురుగా కూర్చుంది. ఉచ్చుకు జానెడు దూరం. చెవులు రెండూ నిక్కించి, 'మద్దిలేటి మామా, కాయలు ఎప్పుడు దిగుతాయి? పిల్లల్ని తీసుకొస్తాను' అంది. అని పోయింది."

ఎర్రక్క నుదురు కొట్టుకుంది. కుందేలు చేత కూడా మాటలు పడే మొగుణ్ణి ఇచ్చావా తల్లీ అని కొండవైపు చూసింది. కొండ ఏమంటుంది పాపం.

"రేపు పైన కోయి. బలుసు ఆకు, తంగేడు కొమ్మ, ఎండు బోదగడ్డి. విన్నావా?"

"విన్నానే. నాకు తెలియనిదా."

రెండో పొద్దు.

ఎర్రక్క ఈసారి చీకటితోనే లేచి, గడప దాకా వెంట నడిచి, బలుసు, తంగేడు, బోద అని మళ్ళీ మూడుసార్లు చెప్పి పంపింది. మద్దిలేటి ఆవులిస్తూ కొండకు సగం మాటే మొక్కాడు. మిగతా సగం ఆవులింతలో పోయింది.

ఆ పొద్దు ఆకు సరిగ్గానే దోపాడు. పక్క వాలు వేటగాడు మాచన్న, వరసకు మద్దిలేటికి తమ్ముడు, దారి వెంట పోతూ అన్నను పోల్చుకోలేకపోయాడు. అంత బాగా కుదిరింది. అయినా మధ్యాహ్నానికి మద్దిలేటి దిగివచ్చాడు. వట్టి చేతులే.

"ఇవాళ ఏమైంది?"

మద్దిలేటి చెంబు తీసుకున్నాడు. కాళ్ళు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు.

"ఏమయ్యా, నిన్నే."

"ఒక్క దమ్ము లాగాను. ఒకే ఒక్కటి."

ఎర్రక్క చేతిలో చేట అలాగే ఆగిపోయింది. "వల కింద కూర్చుని చుట్ట వెలిగించావా?"

"నిద్ర ముంచుకొచ్చిందే. నువ్వేమో కదలొద్దంటివి. కదలకుండా ఎంతసేపని కూర్చుంటారు? ఆ చెవులది మళ్ళీ వచ్చింది. దూరం నుంచే కేక పెట్టింది. 'చుట్ట తాగే పొదను పుట్టి బుద్ధెరిగి చూడలేదు మామా, అడవి అంటుకుందేమోనని పక్క వాలువాళ్ళను కూడా లేపేశాను' అని. అందరూ లేచారు. ఒక్క పిట్ట మిగిలితే ఒట్టు."

ఎర్రక్క చేట కింద పెట్టింది. కోపం వస్తే అరిచే మనిషి కాదు. మెల్లగానే అడిగింది.

"రేపొక్క పొద్దే ఉంది. వాలు పోతే ఎక్కడికి పోదాం?"

మద్దిలేటి తల దించుకున్నాడు. "వలలోనే ఏదో లోపం ఉందే" అన్నాడు.

ఆ మాటతో ఎర్రక్క ఓపిక పూర్తిగా ఆవిరైపోయింది.

"అయితే రేపు లోపమున్న వల నేనే కప్పుకుంటాను. ఇంటి వల కూర్చోవాలన్నారు పెద్దలు. మీసమున్నవాడే కూర్చోవాలని ఎవరూ అనలేదు. నువ్వు ఇంట్లో ఉండి నా చిక్కుడుకు కొత్త గింజ పెట్టు. పాది తవ్వి, నీళ్ళు పోసి. చుట్ట ఆర్పి."

మూడో పొద్దు.

ఎర్రక్క స్నానం చేసి, కొండమ్మకు దీపం పెట్టి, చెప్పవలసిన మాట మొదటి నుంచి చివరి దాకా చెప్పి, వల ఎత్తుకుంది. వాలు మీద బలుసు కోసింది, తంగేడు విరిచింది, ఎండు బోద పీకింది. కన్ను కన్నుకూ దోపింది. ఉచ్చు పరిచి, తాడు పట్టుకుని కూర్చుంది.

పొద్దు పొడిచింది. చీమలు పాదాల మీదుగా ఊరేగింపుగా పోయాయి. ఆమె కదలలేదు. ఒక పిట్ట వచ్చి తల మీద వాలి, ముక్కు తుడుచుకుని పోయింది. ఆమె కదలలేదు.

అప్పుడు కుందేలు వచ్చింది. ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ లేరనుకుంది. ఉచ్చు మధ్యలో నిలబడి, వలకు దోపిన బలుసు ఆకు కొరుకుతూ, తనలో తాను గొణుక్కోవడం మొదలుపెట్టింది.

"ఇవాళైనా ఆ మహానుభావుడు రాలేదు, బతికాం. రెండు పొద్దుల నుంచి కడుపు నిండా మేయడానికి లేదు. ఒకనాడు పాదు కప్పుకొస్తాడు, ఒకనాడు పొగ పెడతాడు. వేటాడేవాడైతే వేటాడాలి, లేకపోతే ఇంట్లో పడుకోవాలి. మనిషికి సిగ్గుండొద్దూ? ఆ ఇంటావిడ ఎలా వేగుతోందో తల్లీ, ఆమెకు దణ్ణం పెట్టాలి."

వల కింద ఎర్రక్కకు నవ్వు తన్నుకొచ్చింది. చెంగు నోట్లో కుక్కుకుంది.

తాడు చేతిలో ఉంది. ఒక్క లాగు లాగితే వాలు దక్కుతుంది. వేళ్ళు బిగించింది కూడా. అంతలో కుందేలు ఇంకో ఆకు కోసం వెనక కాళ్ళ మీద లేచింది. పొట్ట కింద బొచ్చు తడిసి అంటుకుపోయి ఉంది. పాలు.

ఎర్రక్క కళ్ళు మూసుకుంది. ఎన్నో పొదలుండగా ఈ పొద దగ్గరికే, ఈ పొద్దే, దీన్నే పంపాలా తల్లీ, అనుకుంది. నాకెవరూ తిన్నగా ఉండేవాళ్ళు దొరకరా, చివరికి నువ్వు కూడానా. అలా కొండతో కాసేపు పోట్లాడింది. పోట్లాడుతూనే వేళ్ళు వదిలేసింది.

"ఎలా వేగుతున్నానో నాకే తెలియడం లేదమ్మా" అంది పైకి.

కుందేలు కొయ్యబారిపోయింది. నోట్లో ఆకు నోట్లోనే ఉంది.

"ఎప్పటి నుంచి ఉన్నావు?"

"నువ్వు నా మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టక ముందు నుంచి."

"మరి తాడెందుకు లాగలేదు?"

"నీ పిల్లలు ఎదురుచూస్తుంటారు. పో. ఇంకెప్పుడూ పొదతో మాట్లాడకు."

కుందేలు ఉచ్చులోంచి ఒక్కో కాలూ తీసింది. రెండడుగులు పోయి, వెనక్కి తిరిగి, "మామను తిట్టినందుకు ఏమీ అనుకోకు" అంది.

"ఏం అనుకోను. అన్నీ నిజమే కదా" అంది ఎర్రక్క.

వల భుజాన వేసుకుని ఆమె వట్టి చేతులతో దిగుతుంటే దారి మలుపులో మద్దిలేటి, మాచన్న కనిపించారు. మాచన్న కర్రకు రెండు కుందేళ్ళు వేలాడుతున్నాయి.

"వదినా, ఏమీ దొరకలేదా? పరాయివాణ్ణా నేను? ఇందులో ఒకటి తీసుకో. నీ వలకే దొరికిందని చెప్పు. మీ వాలు మీది తేనెలో సగం నాకియ్యి, చాలు" అన్నాడు మాచన్న. అంటూ రెండింటిలో కింద వేలాడుతున్నదాన్ని విప్పబోయాడు.

"తీసుకోవే. దేవుడిలా వచ్చాడు తమ్ముడు" అన్నాడు మద్దిలేటి.

"కొండకు ఎదురుగా నిలబడి నాది కానిదాన్ని నాదని ఎలా చెప్పమంటావు?"

"కొండకు చెవులున్నాయా ఏమిటే?"

"చిక్కుడు గింజ పెట్టావా?" అంది ఎర్రక్క.

మద్దిలేటి మీసం సవరించుకున్నాడు. పెట్టలేదు.

కొండ అడుగున ఒక బల్లపరుపు బండ ఉంది. వేటగాళ్ళందరికీ పెద్ద, కాటమయ్య, దాని మీద కూర్చుని ఉన్నాడు. ఎర్రక్క ముందుకొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. పాలిచ్చే తల్లి వచ్చిందనీ, వదిలేశాననీ.

మాచన్న నవ్వాడు. "ఈ మాట వట్టి చేతులతో వచ్చిన ఎవరైనా చెప్పొచ్చు పెద్దయ్యా. అన్న వాలు నాకిప్పించండి. చేతనైనవాడి దగ్గర ఉంటుంది."

"ఆ వల ఇలా తే అమ్మా" అన్నాడు కాటమయ్య.

వల విప్పి ఒడిలో పరుచుకుని ఆకు ఆకూ తిప్పి చూశాడు. మోకాలెత్తున బలుసు ఆకులు కొరికి ఉన్నాయి. కొడవలితో కోసినట్టు ఏటవాలుగా.

"ఇది కుందేలు కాటు. వలను నమ్మి, వల మీది ఆకు తిన్నది. అంత దగ్గరికి వచ్చింది. ఇంత నిబ్బరంగా కూర్చున్న మనిషికి తాడు లాగడం రాక కాదు. ఏదీ మాచన్నా, నీ వేట కూడా చూడనీ."

మాచన్న కర్ర కిందికి దింపాడు గానీ చెయ్యి తీయలేదు. కాటమయ్య ఆ చేతిని పక్కకు తోసి, కింద వేలాడుతున్న కుందేలు పొట్ట మీద బొటనవేలితో మెల్లగా నొక్కాడు. బండ మీద తెల్లటి చుక్క పడింది. ఇంకో చుక్క పడింది.

ఎర్రక్క మొగుడివైపు చూసింది. మాచన్న తమకు అంటగట్టబోయింది ఆ కుందేలునేనని మద్దిలేటికి అప్పుడు అర్థమైంది. ముఖం తుమ్మబెరడు రంగుకు తిరిగింది. "తమ్ముడూ, వదిన చేతిలో పెట్టబోయింది దీన్నా!" అనేశాడు.

కాటమయ్య విసుగ్గా తల పట్టుకున్నాడు. "ఒకడు కొండ మీద చిక్కుడుపాదు పెడతాడు. ఇంకొకడు పాలిచ్చే తల్లిని చంపి, తీసుకెళ్ళి వదిన నెత్తిన రుద్దబోతాడు. మీతో నేను వేగలేను నాయనా. మాచన్నా, రాబోయే వానాకాలం వెళ్ళే దాకా నీ వాలు మీద ఎవరూ వల వేయరు. తల్లిలేని కూనలు ఎక్కడున్నాయో వెతికి, బతికినన్నిటిని ఇంటికి తెచ్చి మేకపాలు పట్టు. నీ పని అది."

"మరి మా వాలు?" అంది ఎర్రక్క.

"వట్టి చేతులతో వచ్చిన ఇంటికి వాలు లేదన్నారు పెద్దలు. చేతికి అందినదాన్ని కొండకు తిరిగి ఇచ్చి వచ్చావు. అవి వట్టి చేతులు కావమ్మా. మీ వాలు మీదే. వల మాత్రం ఇక నీ చేతిలోనే ఉండనీ, నాకు కాస్త నిద్ర పడుతుంది."

ఇంటికి వెళ్ళే దారిలో మద్దిలేటి కొంత దూరం తల వంచుకుని నడిచాడు. ఆ తర్వాత మీసం మీదికి చెయ్యి పోయింది.

"ఎంతైనా ఆ చోటు ఎంచింది నేనే కదే. నా చోటు కాబట్టే అంత దగ్గరికి వచ్చింది."

ఎర్రక్క గబగబా నడిచింది. ఇంటికి రాగానే చిక్కుడు గింజలు తెచ్చి అతని దోసిట్లో పోసి, పారవైపు చూపించింది. అతను చుట్ట చెవిలో దోపుకుని తవ్వడానికి కూర్చున్నాడు. ఆ యేడు ఆ పందిరి విరగకాసింది. మొదటి కోతలో గుప్పెడు తీసుకెళ్ళి ఎర్రక్క బలుసుపొద కింద పెట్టి వచ్చింది. ఎవరికని మొగుడు అడిగితే, అడిగినవాళ్ళకే అంది.

ఆకుల చాటున ఒళ్ళు దాచుకోవడం నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది పిల్లలూ, ఎవరూ చూడని ఆ చాటులో కూడా తనది కానిదాన్ని వదిలిపెట్టగలిగినవారి చేతికే కొండ తన వాలును అప్పగిస్తుంది.