వేపమండ కట్టిన గుమ్మం

నాగిదేవయ్య గారికి కోపం వస్తే మాట తగ్గిపోయేది. ఒకరోజు శిష్యుడు ఎఱ్ఱమనాయకుడు వచ్చి అడిగాడు.

"స్వామీ, మా నాన్న నెత్తురు ధారపోసి నిలబెట్టిన కోటను రాజు తన బావమరిదికి కట్టబెట్టాడు. నది అవతలి రాజు నాకు సాయం వస్తానంటున్నాడు. పిలిస్తే తప్పా?"

జవాబుగా ఆయన చెప్పిన సంగతి ఇది. తలచుకుంటే, విన్న నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

సేనను నడిపే దళవాయి బొల్లమనాయకుడికీ తన రాజు చేతిలో అన్యాయమే జరిగింది. కాదనలేం. ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టేవాడి ఇంట్లో ఎలుకలున్న మాట నిజమే కదా! వాడు పరరాజుకు కబురంపి, కనుమదారి చూపిస్తానన్నాడు. బదులుగా తన ఊరు రేగడిపల్లె జోలికి రావద్దని కోరాడు.

"మీ ఊరని మావాళ్లకు తెలిసేదెలా?" అన్నాడు ఆ రాజు.

"గుమ్మాలకు వేపమండలు కట్టి ఉంటాయి. ఆ ఇళ్లు ముట్టుకోవద్దు."

అలాగే కట్టించమని తల్లికి కబురు చేశాడు.

సేన కనుమ దాటింది. మొదటి ఊళ్లో ప్రతి గుమ్మానికీ వేపమండలే. రెండో ఊళ్లోనూ అంతే. కీడు వస్తోందని వింటే అమ్మవారికి మొక్కి గుమ్మానికి వేపమండ కట్టని తల్లి ఈ దేశంలో ఉందా? పుట్టినప్పటి నుంచీ చూసిన ఆచారం, పగతో కళ్లు మూసుకుపోయిన ఆ మూర్ఖుడికి గుర్తే లేదు.

పరరాజు గుర్రం ఆపి నవ్వాడు. "ఒక్క ఊరన్నావు. ఇవన్నీ మీవేనా?"

అవునంటే ఏం పోయింది? ఆ ఒక్క మాట వాడి నోట రాలేదు. "కాదు కాదు, మాది ఇంకా ముందుంది" అన్నాడు. ఆ ఊళ్లు తగలబడ్డాయి. ప్రతి ఊరి దగ్గరా అదే ప్రశ్న, అదే జవాబు. కొన్నాళ్లకు అడగడం కూడా మానేశారు. వేపమండ కనబడితే కాల్చడం సైనికులకు అలవాటైపోయింది. వాడు వెనకాల రాజు పక్కన ఉండగానే ముందు దండు రేగడిపల్లె చేరింది.

"వాళ్లమ్మ?" అన్నాడు ఎఱ్ఱమనాయకుడు.

"గుమ్మంలోనే నిలబడి ఉంది. ముట్టుకోరని కొడుకు చెప్పాడు కదా."

నాగిదేవయ్య గారు పైపంచె దులిపి లేచారు.

"పిలిస్తే పిలువు. గుమ్మానికి ఏం కట్టుకోవాలో మీ అమ్మకు చెప్పి పిలువు."