మేడిపండుతో కాచుకున్న పక్షి

"గురువుగారూ, మీ నవలల్లో పిట్ట వాలితే కొమ్మ ఊగుతుంది. నా నవలల్లో పిట్టలు క్యాలెండరు మీద బొమ్మల్లా కూచుంటాయి. అడవి మీకిచ్చేదేమిటి, నాకివ్వనిదేమిటి?" అని అడిగాడు ఏడుకొండలు.

అడిగింది పరాంకుశంగారిని. ఆయన నవలలు రాయడం మానేసి చాలాకాలమైంది. మన్యం అంచున చింతలగూడెంలో, భార్య ఆండాళమ్మగారితో చిన్న పెంకుటింట్లో ఉంటున్నారు. ఏడుకొండలు టౌనులో సహకార బ్యాంకు గుమాస్తా. అతని నవలలు రెండు అచ్చయ్యాయి గాని, చదివినవాళ్లెవరికీ గుర్తులేవు. మూడోది సగంలో ఆగిపోయింది. అందులో కథానాయకుడు ఒక పడవ సరంగు. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి సొంత ఇంటికొచ్చి, గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆ పైన ఏం చెయ్యాలో వాడికీ తోచలేదు, రాసేవాడికీ తోచలేదు. ఈ నవల కదలకపోతే ఇక కలం ముట్టకూడదని ఒట్టు పెట్టుకుని, సెలవు పెట్టి గురువుగారి ఇంటికొచ్చి దిగాడు.

పరాంకుశంగారికి అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు, అంతే.

"వాగు అవతల తానిచెట్టు ఉంది. దాని తొర్రలో కొమ్ముపిట్ట ఉంది. రోజూ వెళ్లి వాగుకి ఇవతల, ఆ నల్లబండ మీద కూచుని చూడు. తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

"తొర్రలో ఉన్నది ఎలా కనపడుతుందండీ?"

ఆండాళమ్మగారు వంటింట్లోంచే అందుకున్నారు. "అది పురిట్లో ఉందయ్యా. ఆడది లోపల దూరి, మట్టితోనూ రెట్టతోనూ వాకిలి మూసేసుకుంటుంది. ముక్కు పట్టేంత సందు వదులుతుంది. పిల్లలు కాస్త ఎదిగేదాకా మొగుడే పళ్లు తెచ్చి నోటికందించాలి. అలాంటి మొగుడు కావాలంటే పక్షిగా పుట్టాలి గాని, నవలలు రాసేవాణ్ణి కట్టుకుంటే ఎలా దొరుకుతాడు?"

"విన్నావుగా, నా మీద సమీక్ష" అన్నారు పరాంకుశంగారు.

గూడెం వాళ్లు ఆ చెట్టుని పురిటిల్లంటారు. తొర్ర మూసుకుందని తెలిసిన రోజున కాలిబాటకి అడ్డంగా వేపమండ కడతారు. పిల్లలు ఎగిరేదాకా, కట్టెలకి వెళ్లే ఆడవాళ్లు గాని పశువులు తోలుకెళ్లే మగవాళ్లు గాని ఆ చెట్టు కిందికి పోరు, చుట్టూ తిరిగి పోతారు. ఈ ఆచారం ఏడుకొండలుకి ఎంతో ముచ్చటగా అనిపించింది. నవలలో ఎక్కడైనా పనికొస్తుందని అప్పుడే కాయితం తీసి రాసుకున్నాడు.

మొదట్లో బండ మీదే కూచున్నాడు. అక్కణ్ణించి చూస్తే తానిచెట్టు గుబురు ఒకటే కనిపించేది. తొర్ర దూరాన నల్లటి చుక్క. అప్పుడప్పుడూ పెద్ద పక్షి ఒకటి రెక్కలు బరబరలాడిస్తూ వచ్చేది, ఆకుల్లో మాయమయ్యేది, మళ్లీ ఎగిరిపోయేది. అది వచ్చిందనీ పోయిందనీ తప్ప రాయడానికి ఏమీ దొరకలేదు. సెలవు కరిగిపోతోంది. ఒక పొద్దున అతను పంచె ఎగ్గట్టి వాగు దాటాడు. వేపమండ దగ్గర ఒక్క క్షణం తటపటాయించి, వంగి దాని కిందనుంచి దూరి, చెట్టు మొదట్లో ఒక వేరు మీద చతికిలబడ్డాడు.

అక్కణ్ణించి అన్నీ కనిపించాయి. మట్టి గోడ, అందులో చీలిక, ఆ చీలికలో తెరుచుకుంటూ మూసుకుంటూ ఒక ముక్కు కొస. కాసేపటికి మగపక్షి వచ్చింది. ముక్కున మేడిపండు ఉంది. కాని తొర్ర దగ్గరికి రాలేదు. ఎదుటి మోడు మీద వాలింది. మెడ అటు తిప్పింది, ఇటు తిప్పింది. కొమ్మ మీద ఒక అడుగు ముందుకి వేసింది, మళ్లీ వెనక్కి జరిగింది. లోపలి ముక్కు తెరుచుకునే ఉంది. పొద్దు నడినెత్తికొచ్చినా పక్షి అలాగే ఉంది, పండూ అలాగే ఉంది.

ఏడుకొండలు గబగబా కాయితాలు తీశాడు. వాడు దొరికాడు! గుమ్మం ముందు నిలబడ్డ సరంగు వాడే. లోపల ఆకలి, బయట ప్రేమ, మధ్యన దాటలేని అడుగు ఒకటి. అతని కలం పరుగెత్తింది. మర్నాడు తెల్లారకుండానే వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. చీకటి పడి అక్షరం కనపడనప్పుడే లేచేవాడు. అధ్యాయం పూర్తయ్యేసరికి అతనికే కళ్లనీళ్లు తిరిగాయి.

ఆ రోజు పెందలాడే ఇంటికొచ్చి, సాయంత్రం అరుగు మీద కూచుని చదివి వినిపించాడు. ఆండాళమ్మగారు గరిటె పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. చదవడం అయ్యాక కొంగుతో కళ్లొత్తుకుంటూ, "నీ సరంగు మండిపోనూ, కూర మాడ్చేశావు కదయ్యా!" అంటూ లోపలికి పరుగెత్తారు. ఏడుకొండలు జీవితంలో అంతటి మెప్పు పొందలేదు. గురువుగారి వైపు తిరిగాడు.

పరాంకుశంగారు మెల్లగా అడిగారు.

"పండు ఇచ్చిందా?"

"లేదండీ, అదే కదా అందం! నేనున్నంతసేపూ అలాగే పట్టుకుని కూచుంది."

"నువ్వెక్కడున్నావు?"

"చెట్టు కిందేనండీ. బండ మీంచి ఏం కనపడుతుంది?"

ఆయన లేచి చెప్పులు వేసుకున్నారు. ఏడుకొండలు వెనకాలే నడిచాడు. వాగు దాటుతుండగా ఆయన, తనలో తాను అనుకున్నట్టుగా, "బండ మీదే ఎందుకు కూచోమన్నానో కూడా చెప్పాల్సింది. చెప్పక్కర్లేదనుకున్నాను" అన్నారు.

వేపమండ దగ్గర ఆగారు. ఇంకా వెలుతురు ఉంది. ఎదుటి మోడు మీద ఏ పక్షీ లేదు. ఆయన చెవి ఒగ్గి విన్నారు. ఏడుకొండలూ విన్నాడు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపు చూసి, పరాంకుశంగారు ఆ మండని విప్పి పక్కన పెట్టారు.

"రా, ఇక పరవాలేదు" అన్నారు.

చెట్టు మొదట్లో, అతను కూచున్న వేరు మీదే, ఎండిన మట్టి పెళ్లలు పడి ఉన్నాయి. పైన తొర్ర నోరు తెరుచుకుని ఉంది. ఆకలికి ఓర్చుకోలేక తల్లి గోడ పగలగొట్టుకుని వెళ్లిపోయింది. దాని వెంట వెళ్లగలిగినంత ఈడు లోపలి వాటికి లేదు. చీమలు బారుగా తొర్రలోకి ఎక్కుతున్నాయి.

ఏడుకొండలు ఆ చీమల్ని చూశాడు. మోడు కేసి చూశాడు. ముందుకి ఒక అడుగు, వెనక్కి ఒక అడుగు. ఇప్పుడు ఆ అడుగులకి అర్థం వేరుగా కనిపించింది.

"అది ఎదురుచూసింది..." అన్నాడు.

"నువ్వు లేస్తావేమోనని" అన్నారు పరాంకుశంగారు.

అతను జేబులోంచి కాయితాలు తీశాడు. రెండు చేతులా పట్టుకుని చించబోతుంటే గురువుగారు ఆ చేతుల మీద చెయ్యి వేశారు. ఆ చేతిలో కోపం లేదు. అదే అతనికి ఎక్కువ బాధ అనిపించింది.

"చించకు నాయనా. చించితే నీకు తేలికవుతుంది, అంతే. అందులో ఎదురుచూపు నిజమే. చెట్టు కింద కూచున్న మనిషినే వదిలేశావు. వాణ్ణి కూడా రాయి."