మల్లెతోటని పడుకోనివ్వని నాంచారమ్మ

అనగనగా ఒక ఊళ్ళో ఒక మల్లెతోట. ఆ తోట నాంచారమ్మది. ఆవిడకి కోపం ఎప్పుడూ ముక్కు మీదే. ఎవరి మీదనుకున్నావు? చలికాలం మీద. చలి పడితే మల్లె పూయదు కదా, అదీ ఆవిడ మంట.

చలికాలంలో మల్లెకి నీళ్ళు మాన్పిస్తారు. గొర్రెల్ని తోలి ఆకంతా మేపిస్తారు. అలా పడుకోబెడితేనే వేసవికి పూస్తుంది. ఊరంతా అదే చేసి, ఎండలో కూర్చుని ఒళ్ళు కాచుకుంటోంది. నాంచారమ్మ ఒప్పుకుంటేనా? చెట్టుకి నిద్రేమిటి, సోమరిపోతు అని చెట్టునే తిట్టిపోసింది.

కార్తీకంలో కడవలతో నీళ్ళు పోసింది. అప్పుడు ఏడేళ్ళ కూతురు వరాలు పిడికిలి మూసుకుని వచ్చి, అమ్మా, ఒకటి చూపించనా అంది. పనిలో ఉన్నాను, పో అంది నాంచారమ్మ. మార్గశిరంలో గంపలతో ఎరువు వేసింది. అప్పుడూ వచ్చింది వరాలు, అదే పిడికిలితో. కసిరికొట్టింది. ఆ తర్వాత పుష్యమాసం వచ్చింది. తోట నిండా ఆకే, మొగ్గ ఒక్కటి లేదు. నాంచారమ్మ ఒళ్ళు మండిపోతుంటే వరాలు మళ్ళీ వచ్చింది.

"నా ప్రాణం తియ్యక అవతలికి పో" అని అరిచింది.

ఆ పిల్ల చేసిన తప్పేమిటి, చెప్పు? నాకు ఇప్పటికీ ఆవిడ మీద కోపమే.

మర్నాడు ఆవిడ సంతకి వెళ్ళింది. అప్పుడు మొగుడు కోటయ్య, నోట్లో నాలుక లేని మనిషి, గొర్రెల్ని తోటలోకి తోలించాడు. ఆవిడ వచ్చేసరికి మిగిలింది పుల్లలే. గొర్రెల్ని తిట్టింది, కాపరిని తిట్టింది, మొగుణ్ణి తిట్టింది. తిట్టి తిట్టి నోరు నొప్పెట్టి, చేసే పని లేక అరుగు మీద కూలబడింది.

ఒక రోజు కూర్చుంది. రెండో రోజూ కూర్చుంది. మూడో రోజుకి, ఇంట్లో పిల్ల అలికిడే లేదేమిటి అనిపించింది. చూస్తే వరాలు తలుపు వెనక నక్కి ఉంది. పిలిస్తే బెదురుతూ వచ్చి పిడికిలి విప్పింది. గుడ్డపీలికలో చుట్టిన పాలపన్ను.

"ఇద్దరం కలిసి ఇంటి మీద వేద్దామని దాచానమ్మా. నీకు కోపం లేనప్పుడు చూపిద్దామనుకున్నా."

నాంచారమ్మ పిల్ల నోరు తెరిపించి చూసింది. ఆ సందులో కొత్త పన్ను సగం వచ్చేసింది.

అప్పుడు వచ్చింది అసలు కోపం, తన మీద తనకి. పిల్లని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది. ఆ తర్వాత ఇద్దరూ పన్నుని ఇంటి మీదికి విసిరారు.

వేసవికి తోట విరగబూసింది. అప్పట్నుంచి ఏటా చలి పడగానే, గొర్రెలకి తడిక తనే తీసి, కూతుర్ని పక్కన పెట్టుకుని ఎండలో కూర్చునేది.

ఏదీ, నీ పళ్ళు ఓసారి చూపించు. కథ కంచికి, కోపం కొండకి, నువ్వూ నేనూ మంచానికి.